బెన్ ఐన్స్లీ

1977, ఫిబ్రవరి 5న ఇంగ్లాండులోని మాక్లెస్‌ఫీల్డ్‌లో జన్మించిన బెన్ ఐన్స్లీ బ్రిటన్‌కు చెందిన ప్రముఖ తెరచాప పడవ పందెముల (సెయిలింగ్) క్రీడాకారుడు. ఇతని పూర్తి పేరు చార్లెస్ బెనెడిక్ట్ ఐన్స్లీ. 1996 నుంచి 2012 వరకు జరిగిన 5 ఒలింపిక్ క్రీడలలో వరుసగా పాల్గొని, ప్రతిసారీ పతకం సాధించినాడు. వాటిలో 4 స్వర్ణ పతకాలు, ఒక రజత పతకం ఉన్నాయి. ఈ 5 పతకాలూ ఒక్కరే నడిపే డింగీ పడవలలో లభించినవే. ఎనిమిదేళ్ళ వయస్సులో ఒక పాత చిన్న పడవతో మొదలైన ఇతని క్రీడా ప్రస్థానం, 19 ఏళ్ళ వయస్సులో ఒలింపిక్ రజతానికి, 23 ఏళ్ళకు ఒలింపిక్ స్వర్ణానికి చేరినది. 1996లో బ్రెజిల్ క్రీడాకారుడు రాబర్ట్ షైడ్ట్ చేతిలో పొందిన ఓటమి, 2000లో అతనిపైనే సాధించిన విజయం ఈ క్రీడ చరిత్రలో ప్రసిద్ధి చెందినవి.

డింగీ పడవలు - పందెపు పద్ధతి

డింగీ అనగా పైకప్పు గది లేని చిన్న తెరచాప పడవ. ఈ పదం భారతీయ భాషల నుంచే ఆంగ్లంలోకి వెళ్ళినది. డింగీని ఒక్కరు లేదా ఇద్దరు నడుపుతారు. పెద్ద ఓడలవలె దీని అడుగున బరువైన సీసపు దిమ్మ ఉండదు. గాలి తెరచాపను ఒకవైపు వంచుతున్నప్పుడు, నడిపే వ్యక్తి రెండవ వైపు అంచుపై కూర్చుండి శరీరాన్ని నీటిమీదికి వాల్చి పడవను నిలబెట్టవలసి ఉంటుంది. కావున ఆటగాని బరువు, బలం, ఓర్పు ఈ క్రీడలో ఎంతో ముఖ్యమైనవి. ఒక చేతితో చుక్కానిని, మరొక చేతితో తెరచాప తాడును పట్టుకొని, కళ్ళతో నీటిపై గాలి జాడలను గమనించవలసి ఉంటుంది.

తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురు వెళ్ళలేదు. గాలి వచ్చే దిశకు సుమారు 45 డిగ్రీల కోణంలో కొంతదూరం ఒక పక్కకు, తర్వాత రెండవ పక్కకు తిరుగుతూ మెలికల మార్గంలో పైకి సాగుతుంది. పందెంలో నీటిపై తేలే గుర్తులను నిర్ణీత క్రమంలో చుట్టి రావలెను. ముందున్న పడవ తెరచాపకు తగిలిన గాలి చెదరిపోతుంది కాబట్టి, దాని వెనుకవైపున చిక్కిన పడవకు బలమైన గాలి అందదు. ప్రత్యర్థిని ఈ విధంగా గాలి నీడలో ఉంచి అడ్డుకొనుట నియమాలకు లోబడిన ఎత్తుగడయే.

ఒక పోటీలో అనేక పందెములు జరుగుతాయి. పందెంలో మొదటి స్థానానికి 1 పాయింటు, రెండవ స్థానానికి 2 పాయింట్లు, ఈ విధంగా స్థానాన్ని బట్టి పాయింట్లు ఇస్తారు. అన్నిటిలో అతి చెడ్డ ఫలితాలను (ఒకటి లేదా రెండు) లెక్క నుంచి తీసివేస్తారు. చివరికి తక్కువ పాయింట్లు ఉన్నవారే విజేత. తీసివేత నియమం ఐన్స్లీ జీవితంలో ఎంత కీలకమైనదో ఈ క్రింద చూడవచ్చు.

బాల్యం

ఐన్స్లీ తండ్రి రోడరిక్ ఐన్స్లీ కూడా నావికుడే. 1973-74లో మొదటిసారిగా జరిగిన విట్‌బ్రెడ్ ప్రపంచ ప్రదక్షిణ పందెంలో సెకండ్ లైఫ్ అనే పడవకు ఆయన నాయకత్వం వహించినాడు. బెన్ చిన్నతనంలోనే కుటుంబం ఇంగ్లాండు నైరుతి కొనన ఉన్న కార్న్‌వాల్ ప్రాంతానికి, ఫాల్మత్ పట్టణ సమీపంలోని రెస్ట్రాంగెట్‌కు తరలి వెళ్ళినది. ఆటుపోట్లతో నిండి తగ్గే సముద్రపు పాయ ఇంటి పక్కనే ఉండుటచే పడవలతో పరిచయం సహజంగా ఏర్పడినది.

ఎనిమిదేళ్ళ వయస్సులో క్రిస్మస్ కానుకగా తల్లిదండ్రులు ఇతనికి ఒక పాత ఆప్టిమిస్ట్ పడవను ఇచ్చినారు. పదేళ్ళ వయస్సు నుంచి స్థానిక క్లబ్బు పందెములలో పాల్గొనసాగినాడు. ఇతని చర్మం ఎండను తట్టుకొనలేకపోయేది. ఈ చర్మ సమస్య కారణంగా పాఠశాలలో తోటి పిల్లల వేధింపులకు గురైనట్లు ఐన్స్లీ తరువాతి కాలంలో వెల్లడించినాడు. నేలమీద బిడియస్తుడైన ఈ బాలునికి నీటిపై మాత్రం ఆత్మవిశ్వాసం ఉండేది. పిల్లవాని పట్టుదలను గమనించిన కుటుంబం వారాంతములలో ఇతనిని దేశంలోని వివిధ సరస్సులకు, తీరాలకు పోటీల కొరకు తీసుకొని వెళ్ళేది. తరువాత కుటుంబం దక్షిణ తీరంలో పడవ పందెములకు పేరుపొందిన లిమింగ్టన్‌కు మారినది.

ఆప్టిమిస్ట్ నుంచి లేజర్ వరకు

ఆప్టిమిస్ట్ పడవను 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల రూపకర్త పిల్లల కొరకు తయారు చేసినాడు. సుమారు 2.3 మీటర్ల పొడవు, 35 కిలోల బరువు కల ఈ పడవ ముక్కు చదునుగా ఉండి పెట్టె ఆకారంలో కనిపిస్తుంది. 15 ఏళ్ళ లోపు పిల్లలకు ప్రపంచమంతటా ఇదే మొదటి మెట్టు. ఐన్స్లీ 12 ఏళ్ళ వయస్సులో, 1989లో జపాన్‌లో జరిగిన ఆప్టిమిస్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో బ్రిటన్ తరఫున పాల్గొన్నాడు. అక్కడ పతకం లభించకపోయినను, వివిధ దేశాల బాలలతో పోటీపడిన అనుభవం లభించినది.

ఆ తర్వాతి మెట్టు లేజర్ పడవ. కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ రూపొందించిన ఈ పడవ 1970వ దశకం ప్రారంభంలో అమ్మకానికి వచ్చినది. దీని పొడవు సుమారు 4.2 మీటర్లు, పడవ శరీరపు బరువు సుమారు 59 కిలోలు, తెరచాప వైశాల్యం సుమారు 7 చదరపు మీటర్లు. అన్ని పడవలూ ఒకే అచ్చులో తయారగుటచే ధనవంతునికి మంచి పడవ, పేదవానికి నాసిరకం పడవ అన్న తేడా దీనిలో తక్కువ. గెలుపోటములు ప్రధానంగా నడిపేవాని నేర్పుపైననే ఆధారపడతాయి. ఇదే పడవకు చిన్న తెరచాప అమర్చినచో లేజర్ రేడియల్ అంటారు. తేలికైన శరీరం కలవారికి, యువకులకు ఇది అనుకూలం.

16 ఏళ్ళ వయస్సులో, 1993లో ఐన్స్లీ లేజర్ రేడియల్ తరగతిలో ప్రపంచ టైటిల్‌ను, యూరోపియన్ టైటిల్‌ను గెలుపొందినాడు. బ్రిటన్ యువజన జట్టు శిక్షకుడు జిమ్ సాల్టన్‌స్టాల్ వద్ద శిక్షణ పొందిన తరంలో ఇతడు ఒకడు. 1995లో లేజర్ తరగతిలో ప్రపంచ యువజన ఛాంపియన్‌షిప్ స్వర్ణ పతకం సాధించినాడు. ఆ మరుసటి సంవత్సరం అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో లేజర్ తరగతిని మొదటిసారిగా ప్రవేశపెట్టడం ఈ యువకునికి కలిసివచ్చినది.

1996 అట్లాంటా ఒలింపిక్స్

1996 ఒలింపిక్ క్రీడలు అట్లాంటాలో జరిగినను, ఆ నగరానికి సముద్రం లేనందున తెరచాప పడవ పందెములను జార్జియా తీరంలోని సవన్నాలో నిర్వహించినారు. ఐన్స్లీ వయస్సు అప్పటికి 19 సంవత్సరాలు. ప్రధాన ప్రత్యర్థి 23 ఏళ్ళ రాబర్ట్ షైడ్ట్ అంతకు ముందు సంవత్సరమే లేజర్ ప్రపంచ విజేతగా నిలిచినాడు. పోటీ సాగిన కొలదీ స్వర్ణ పతకం ఈ ఇద్దరి మధ్యనే తేలునని స్పష్టమైనది.

చివరి పందెం నాటికి షైడ్ట్ పాయింట్లలో ముందున్నాడు. స్వర్ణం కావలెనంటే ఐన్స్లీ ఆ పందెంలో షైడ్ట్‌ను గణనీయంగా వెనుకకు నెట్టవలెను. పడవలన్నీ ఆత్రంగా గీత దాటుతూ ఉండుటచే ప్రారంభం పలుమార్లు రద్దయి, నిర్వాహకులు నల్లజెండా ఎగురవేసినారు. ఈ జెండా ఉన్నప్పుడు ప్రారంభ సంకేతానికి ముందు చివరి నిమిషంలో గీత దాటిన పడవను విచారణ లేకుండానే అనర్హం చేస్తారు. షైడ్ట్ కావాలనే సంకేతానికి ముందే కదిలినాడు. అతనిని విడిచిపెట్టరాదన్న తొందరలో ఐన్స్లీ కూడా వెంట కదిలినాడు. ఇద్దరూ అనర్హులైనారు. ఇద్దరికీ ఆ పందెంలో ఫలితం లేకపోవుటచే అంతకు ముందున్న వ్యత్యాసమే నిలిచి, స్వర్ణం షైడ్ట్‌కు, రజతం ఐన్స్లీకి దక్కినవి.

19 ఏళ్ళ యువకునికి ఒలింపిక్ రజతం గొప్ప విజయమే. కాని ఐన్స్లీ దానిని ఓటమిగానే భావించినాడు. పడవ వేగంలో కాక ఎత్తుగడలో ఓడిపోవుట ఇతనిని ఎక్కువగా బాధించినది. పాయింట్ల పట్టికను ముందుగానే లెక్కగట్టి, ప్రత్యర్థికి ఏది అవసరమో, తనకు ఏది అవసరమో నిర్ణయించుకొని నీటిలో దిగవలెనన్న పాఠాన్ని సవన్నా నేర్పినది.

1997 నుంచి 1999 వరకు

అట్లాంటాలో బ్రిటన్ మొత్తం మీద ఒకే ఒక్క స్వర్ణ పతకం సాధించినది. ఆ తర్వాత జాతీయ లాటరీ ఆదాయం నుంచి ఒలింపిక్ క్రీడాకారులకు నిధులు ఇచ్చే విధానం ఆరంభమైనది. దీని ఫలితంగా క్రీడాకారులు పూర్తికాలం సాధన చేయుటకు వీలు కలిగినది.

1996, 1997 సంవత్సరాలలో లేజర్ ప్రపంచ టైటిల్ షైడ్ట్‌కే దక్కినది. 1998లో ఐన్స్లీ మొదటిసారి ఆ టైటిల్‌ను గెలుచుకొని, 1999లో దానిని నిలబెట్టుకున్నాడు. 1998లోనే ప్రపంచ ఉత్తమ సెయిలర్ అవార్డు కూడా ఇతనికి లభించినది. అప్పటికి ఇతని వయస్సు 21 సంవత్సరాలు మాత్రమే. 2000లో షైడ్ట్ తిరిగి ప్రపంచ విజేత కావడంతో, సిడ్నీకి ఇద్దరూ సమ ఉజ్జీలుగా చేరినారు.

2000 సిడ్నీ ఒలింపిక్స్

సిడ్నీలో లేజర్ తరగతిలో 11 పందెములు జరిగినవి. ప్రతి ఆటగాడు తన రెండు చెడ్డ ఫలితాలను తీసివేసుకొనవచ్చును. చివరి పందెం నాటికి షైడ్ట్ మళ్ళీ ముందంజలో ఉన్నాడు. మూడవ స్థానంలోని ఆస్ట్రేలియా ఆటగాడు మైకేల్ బ్లాక్‌బర్న్ పాయింట్లలో బాగా వెనుకబడి ఉండుటచే ఐన్స్లీకి రజతం దాదాపు ఖాయమైనది. స్వర్ణానికి రెండు మార్గాలున్నవి. ఒకటి, పందెంలో ముందుండి షైడ్ట్ వెనుకబడవలెనని ఆశించుట. రెండవది, తన స్థానాన్ని పట్టించుకొనక షైడ్ట్‌ను సుమారు ఇరవయ్యవ స్థానం కంటే వెనుకకు లాగుట. షైడ్ట్ అంత వెనుక ముగించినచో అతని మొత్తంలో ఒక పెద్ద అంకె చేరక తప్పదు. ఐన్స్లీకి వచ్చే చెడ్డ ఫలితం మాత్రం తీసివేతలో పోవును.

ఐన్స్లీ రెండవ మార్గాన్నే ఎంచుకున్నాడు. ప్రారంభానికి ముందు నుంచే షైడ్ట్ పడవను వెంబడించి, పందెం ఆరంభమైన తర్వాత అతనికి గాలివైపున నిలిచి గాలి అందకుండా చేసినాడు. షైడ్ట్ ఏ పక్కకు తిరిగితే ఆ పక్కకే తిరిగినాడు. ఇద్దరూ మిగిలిన పడవలకు చాలా వెనుకబడిపోయినారు. అయినను షైడ్ట్ పట్టువిడువక ఒక్కొక్క పడవనే దాటుతూ వచ్చినాడు. చివరకు 22వ స్థానంలో ముగించినాడు. అది స్వర్ణానికి చాలలేదు. మార్గమధ్యంలో రెండు పడవలు తాకుకున్న సంఘటనపై జ్యూరీ విచారణ జరిగినది. అందులోను ఫలితం ఐన్స్లీకే అనుకూలమైనది. తుది లెక్కలో ఐన్స్లీకి 42 పాయింట్లు, షైడ్ట్‌కు 44 పాయింట్లు వచ్చినవి. అనగా 11 పందెముల తర్వాత ఇద్దరి మధ్య తేడా 2 పాయింట్లు మాత్రమే.

ఆ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తెరచాప పడవ జట్టు 3 స్వర్ణాలు, 2 రజతాలు సాధించినది. ఫిన్ తరగతిలో ఇయాన్ పర్సీ, మహిళల యూరప్ తరగతిలో షిర్లీ రాబర్ట్‌సన్ మిగిలిన రెండు స్వర్ణాలను గెలుచుకున్నారు.

చివరి పందెంపై చర్చ

సిడ్నీ చివరి పందెంపై భిన్నాభిప్రాయాలు వెలువడినవి. గెలుపు కొరకు కాక, ఎదుటివానిని ఆపుట కొరకు పందెంలో పాల్గొనుట క్రీడాస్ఫూర్తికి తగునా అని కొందరు ప్రశ్నించినారు. ఒలింపిక్ పతకం ఒక్క పందెానికి కాక మొత్తం 11 పందెములకు ఇచ్చేది కాబట్టి, చివరి పందెాన్ని మొత్తంలో ఒక భాగంగానే చూడవలెనని మరికొందరు వాదించినారు. ప్రత్యర్థి గాలిని అడ్డుకొనుటను నియమాలు నిషేధించలేదు. సవన్నాలో షైడ్ట్ పట్టికను ఆధారం చేసుకొని ఎత్తు వేయగా, సిడ్నీలో ఐన్స్లీ అదే పని చేసినాడు. షైడ్ట్ 2004లో లేజర్ స్వర్ణాన్ని తిరిగి పొంది, 2008, 2012లలో ఇద్దరు నడిపే స్టార్ తరగతిలో పతకాలు సాధించి, ఒలింపిక్ పతకాల సంఖ్యలో (5) ఐన్స్లీకి సమానంగా నిలిచినాడు.

ఫిన్ తరగతిలో

సిడ్నీ తర్వాత ఐన్స్లీ ఫిన్ తరగతికి మారినాడు. స్వీడన్‌కు చెందిన రికార్డ్ సార్బీ 1949లో రూపొందించిన ఫిన్ పడవ పొడవు 4.5 మీటర్లు, తెరచాప సుమారు 10 చదరపు మీటర్లు. ఇది లేజర్ కంటే చాలా బరువైనది. లేజర్‌కు 80 కిలోల బరువున్న ఆటగాడు సరిపోగా, ఫిన్‌కు 95 కిలోలు, ఆపైన ఉండవలెను. దీనికొరకు ఐన్స్లీ వ్యాయామంతో, ఆహారంతో బరువు పెరిగినాడు. 2002 నుంచి 2005 వరకు వరుసగా 4 సార్లు, తరువాత 2008, 2012లలో, మొత్తం 6 సార్లు ఫిన్ ప్రపంచ టైటిల్ అయిన ఫిన్ గోల్డ్ కప్‌ను గెలుపొందినాడు.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రెండవ పందెంలో ఫ్రాన్స్ ఆటగాని ఫిర్యాదుపై అనర్హుడై, మొదటిరోజు ముగిసేసరికి 19వ స్థానానికి పడిపోయినాడు. తీసివేసుకొనవలసిన చెడ్డ ఫలితం ఆరంభంలోనే వచ్చినందున ఆ తర్వాత ప్రతి పందెంలోను జాగ్రత్త వహించవలసి వచ్చినది. మిగిలిన రోజులలో నిలకడగా ముందు స్థానాలలో నిలిచి స్వర్ణం సాధించినాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ పడవ పందెములు చింగ్‌దావ్‌లో జరుగగా, అక్కడ మూడవ స్వర్ణం లభించినది.

2011 సంఘటన

2011 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఒక టెలివిజన్ పడవ లేపిన అలలు తనకు ఆటంకం కలిగించినవని ఆగ్రహించి, ఐన్స్లీ పందెం తర్వాత ఈదుకుంటూ వెళ్ళి ఆ పడవపైకి ఎక్కి అందులోనివారితో గొడవపడినాడు. జ్యూరీ ఇతనిని రెండు పందెములలో అనర్హునిగా ప్రకటించినది. దీనితో టైటిల్ అవకాశం చేజారిపోయినది. ఐన్స్లీ తన ప్రవర్తనకు క్షమాపణ చెప్పినాడు.

2012 లండన్ ఒలింపిక్స్

2012, మే 19న లాండ్స్ ఎండ్ వద్ద ఒలింపిక్ జ్యోతిని బ్రిటన్ నేలపై మొదటగా మోసిన గౌరవం ఐన్స్లీకి దక్కినది. పడవ పందెములు ఇంగ్లాండు దక్షిణ తీరంలోని వేమత్‌లో జరిగినవి. డెన్మార్క్‌కు చెందిన యోనాస్ హో క్రిస్టెన్సెన్ మొదటి 6 పందెములలోను ఐన్స్లీ కంటే ముందు నిలిచినాడు. తర్వాతి రోజులలో ఐన్స్లీ వ్యత్యాసాన్ని తగ్గిస్తూ వచ్చినాడు. మొదటి పది స్థానాలవారు మాత్రమే పాల్గొనే చివరి పతక పందెంలో ఐన్స్లీ 9వ స్థానంలో, క్రిస్టెన్సెన్ 10వ స్థానంలో ముగించినారు. ఇద్దరికీ సమానంగా 46 పాయింట్లు రాగా, పతక పందెంలో ముందున్న కారణంగా ఐన్స్లీని విజేతగా ప్రకటించినారు. ఈ విజయంతో 1948 నుంచి 1960 వరకు వరుసగా 4 స్వర్ణాలు గెలిచిన డెన్మార్క్ క్రీడాకారుడు పాల్ ఎల్‌స్ట్రామ్ రికార్డును ఐన్స్లీ అధిగమించినాడు. స్వర్ణాల సంఖ్య సమానమైనను, ఐన్స్లీకి అదనంగా సవన్నాలో పొందిన రజతం ఉన్నది.

అమెరికా కప్

ఒలింపిక్స్ అనంతరం ఐన్స్లీ పెద్ద పడవల పోటీ అయిన అమెరికా కప్‌పై దృష్టి సారించినాడు. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒరాకిల్ జట్టులో వ్యూహకర్తగా చేరినాడు. 1-8తో వెనుకబడిన ఆ జట్టు వరుస విజయాలతో 9-8తో కప్పును నిలబెట్టుకున్నది. 2014లో సొంత బ్రిటిష్ జట్టును స్థాపించినాడు. 2024లో బార్సెలోనాలో ఇతని నాయకత్వంలోని జట్టు తుదిపోరుకు చేరి న్యూజీలాండ్ చేతిలో 2-7తో ఓడిపోయినది. 1964 తర్వాత బ్రిటన్ జట్టు తుదిపోరుకు చేరుట అదే మొదటిసారి.

భారతదేశంలో ఈ పడవలు

ఐన్స్లీ ఎక్కిన ఆప్టిమిస్ట్, లేజర్ మెట్లనే భారతీయ క్రీడాకారులు కూడా ఎక్కుతున్నారు. హైదరాబాదులోని హుస్సేన్ సాగర్ జలాశయంలో లేజర్, ఆప్టిమిస్ట్ తరగతుల జాతీయస్థాయి పందెములు జరుగుతూ వచ్చినవి. చెన్నైకి చెందిన నేత్రా కుమనన్ లేజర్ రేడియల్ తరగతిలో 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత సాధించి, తెరచాప పడవ పందెములలో ఒలింపిక్స్‌కు అర్హత పొందిన తొలి భారతీయ మహిళగా నిలిచినది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లోను ఆమె పాల్గొన్నది. లేజర్ తరగతులను ప్రస్తుతం ఐ.ఎల్.సి.ఎ. అనే పేరుతో వ్యవహరిస్తున్నారు. ఫిన్ తరగతి చివరిసారిగా టోక్యో ఒలింపిక్స్‌లో కనిపించినది.

ఒలింపిక్ పతకాలు

1996 అట్లాంటా - లేజర్ - రజత పతకం
2000 సిడ్నీ - లేజర్ - స్వర్ణ పతకం
2004 ఏథెన్స్ - ఫిన్ - స్వర్ణ పతకం
2008 బీజింగ్ - ఫిన్ - స్వర్ణ పతకం
2012 లండన్ - ఫిన్ - స్వర్ణ పతకం

గుర్తింపులు

1998, 2002, 2008, 2012 సంవత్సరాలలో, మొత్తం 4 సార్లు, ప్రపంచ ఉత్తమ సెయిలర్ అవార్డు పొందినాడు.
2012 లండన్ ఒలింపిక్స్ ముగింపు ఉత్సవంలో బ్రిటన్ జట్టు పతాకాన్ని ధరించినాడు.
2013 నూతన సంవత్సర పురస్కారాలలో బ్రిటన్ ప్రభుత్వం నైట్ బిరుదుతో సత్కరించినది.
ఇతడు నడిపిన ఫిన్ పడవ రీటాను ఫాల్మత్‌లోని జాతీయ సముద్రయాన మ్యూజియంలో ప్రదర్శనకు ఉంచినారు. ఎనిమిదేళ్ళ వయస్సులో ఇతడు పడవ నడపడం నేర్చుకున్న రెస్ట్రాంగెట్ ఆ పట్టణానికి సమీపంలోనే ఉన్నది.